పడవ ఎవరు చేయాలి?

ఆ ఇద్దరు పిల్లలకు ఒకరు నాన్నవైపు తాతయ్య, ఒకరు అమ్మమ్మ. తాతయ్య కోనసీమలో హైస్కూలు భౌతికశాస్త్రం మాస్టారుగా చేసి రిటైరయ్యారు. అమ్మమ్మ ప్రభుత్వాసుపత్రిలో, చాలాకాలం పిల్లల వార్డులోనే, నర్సుగా పనిచేశారు. శ్రావణమాసం, ముసురు. రాజమహేంద్రవరంలో పిల్లల ఇంటికి ఇద్దరూ వచ్చారు. ఎనిమిదేళ్ళ మనవరాలు, నాలుగేళ్ళ మనవడు మధ్యాహ్నం నిద్రలో ఉన్నారు. పిల్లలను కూర్చోబెట్టుకుని ఇంట్లో దొరికేవాటితో పడవలు చేయించడం మంచిదేనా అన్న దగ్గర పెద్దలిద్దరికీ మాట కుదరలేదు.

అమ్మమ్మ: అన్నయ్యగారూ, మీరేమీ అనుకోనంటే ఒక మాట. ఈ వరండా చూడండి. కొబ్బరి చిప్పలు, పాల ప్యాకెట్లు, చీపురు పుల్లలు, చపాతీలు చుట్టే ఫాయిలు. పిల్లలకు పడవ కావాలంటే బజార్లో బోలెడన్ని ఉన్నాయి. పద్నాలుగేళ్ళలోపు పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి చేశారు కూడా. గుర్తు చూసి కొంటే అంచులు కోసుకుంటాయన్న భయం లేదు, రంగులో ఏముందో అన్న బెంగ లేదు. బ్యాటరీ వేస్తే టబ్బులో తిరుగుతుంది. దానికి ఇంత తతంగం దేనికి?

తాతయ్య: కొన్న పడవ మీద నాకు కోపం లేదు చెల్లెమ్మా. కానీ అది తిరిగినన్నాళ్ళు తిరుగుతుంది, ఆగిపోతే ఎందుకు ఆగిందో పిల్లకు తెలియదు. విప్పి చూద్దామంటే మనం ఒప్పుకోం. కాగితం పడవ అలా కాదు. నీళ్ళలో పెట్టిన కాసేపటికి అడుగు తడిసి మెత్తబడుతుంది. ఎక్కడ తడిసిందో కంటికి కనబడుతుంది, వేలికి తగులుతుంది. న్యూస్‌పేపర్‌తో చేస్తే ఇట్టే నానిపోతుంది. నోటుపుస్తకం కాగితమైతే దాన్ని తయారుచేసేటప్పుడే జిగురులాంటిది కలుపుతారు కాబట్టి కొంచెం ఎక్కువసేపు ఆగుతుంది. అడుగున కొవ్వొత్తి రుద్దితే ఇంకాసేపు. మూడు పడవలు పక్కపక్కనే వదిలితే ఏది ముందు మునిగిందో పిల్లే చెబుతుంది. పాఠం చెప్పకుండానే పాఠం అయిపోయింది.

అమ్మమ్మ: ఎవరు చేసిన మూడు పడవలు? నిన్న నేను వంటింటి గుమ్మంలోంచి చూస్తూనే ఉన్నాను. మడతలన్నీ మీవే. మైనం రుద్దింది మీరు. నీళ్ళలో పెట్టింది మీరు. పిల్ల మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని చూస్తూ కూర్చుంది. మనవడు మధ్యలోనే లేచిపోయాడు. కొన్న బొమ్మ దగ్గర కంపెనీవాడు చేసి ఇస్తాడు, ఇక్కడ తాతయ్య చేసి ఇస్తాడు. పిల్లకు ఏమిటి తేడా?

తాతయ్య: తేడా ఉంది. చేసే చేతులు దాని కళ్ళ ముందున్నాయి. మడత ఎలా పడుతుందో చూపించకుండా దానంతట అదే చేసెయ్యమంటే ఎలా? కాగితాన్ని సగానికి మడిచి, పై రెండు మూలలూ మధ్యకు తెచ్చి, కింద మిగిలిన పట్టీలను రెండువైపులా పైకి తిప్పితే టోపీ అవుతుంది. ఆ టోపీని తెరిచి పలకలా చేసి, మళ్ళీ మడిచి, మళ్ళీ తెరిచి, చివరికి రెండు చెవులూ పట్టుకుని లాగితే పడవ. ఇది ఎవరో ఒకరు చూపించాల్సిందే. మనకూ ఎవరో చూపించారు.

అమ్మమ్మ: చూపించడం వేరు, చేసిపెట్టడం వేరు. మా వార్డులో పిల్లలకు అన్నం తినిపించేటప్పుడు చూసేదాన్ని. చెయ్యి ఆడించగలిగిన పిల్లాడికి కూడా తల్లి ముద్దలు పెడుతూనే ఉండేది. త్వరగా అయిపోతుందని, ఒలకబోసుకోడని. అందులో ప్రేమ లేదని కాదు. కానీ జ్వరం తగ్గాక కూడా ఆ పిల్లాడు చెయ్యి చాచేవాడు కాదు. మీ పడవల విషయంలోనూ నా అభ్యంతరం అదే. ఆ పని పేరుకు పిల్లలది, జరిపేది పెద్దవాళ్ళు. బడివాళ్ళు ఇచ్చే ప్రాజెక్టులు చూడండి. రాత్రి పదింటికి తండ్రి థర్మోకోల్ కోస్తుంటాడు, తల్లి రంగు కాగితం అతికిస్తుంటుంది, పిల్లాడు నిద్రపోతుంటాడు. పొద్దున్న ఆ మేడో గుడో భుజాన వేసుకుని వెళ్ళి మార్కులు తెచ్చుకుంటాడు.

తాతయ్య: ప్రాజెక్టుల సంగతి మీరన్నదే నిజం. నేనూ ఎన్నో దిద్దాను. ఏది ఎవరు చేశారో కత్తిరింపు చూస్తేనే తెలిసిపోయేది. కానీ పడవకు మార్కులు లేవు కదా. దాన్ని దిద్దేది నీళ్ళు. నేను బాగుందన్నా సరే, అది మునిగితే మునిగినట్టే. పిల్లకు ఇంతకంటే నిజాయితీగల పరీక్ష ఎక్కడ దొరుకుతుంది?

అమ్మమ్మ: అదైతే ఒప్పుకుంటాను. నీళ్ళకు మొహమాటం ఉండదు. అందుకే అడుగుతున్నాను, మునిగేదాకా మీరు ఆగుతారా? నిన్న పిల్ల ఫాయిలుతో ఒక దొన్నె చేసింది. ఒక మూల చిరిగి ఉంది. నీళ్ళలో పెట్టకముందే మీరు తీసుకుని ఆ మూల మడిచేశారు.

తాతయ్య: ఆ ఫాయిలు పడవ దగ్గరే ఆగుదాం. నా వాదన అంతా అందులోనే ఉంది. పద్నాలుగు సెంటీమీటర్ల చదరపు ముక్క తీసుకుని, నాలుగువైపులా రెండేసి సెంటీమీటర్లు పైకి మడిస్తే పది పొడవు, పది వెడల్పు, రెండు ఎత్తు ఉన్న తొట్టె అవుతుంది. లోపలి చోటు 200 ఘనపు సెంటీమీటర్లు. మంచినీళ్ళు ఘనపు సెంటీమీటరుకు ఒక గ్రాము. అంటే అంచుదాకా మునిగేలోపు ఆ తొట్టె పక్కకు నెట్టే నీళ్ళు 200 గ్రాములు. ఫాయిలు బరువు ఒక గ్రాము కూడా ఉండదు. 2011 నుంచి వస్తున్న రూపాయి బిళ్ళ 3.79 గ్రాములు. లెక్క ప్రకారం యాభై పైచిలుకు బిళ్ళలు మొయ్యాలి. అంత పల్చటి రేకు అంత బరువు మోస్తుందని ఎవరైనా అనుకుంటారా? అదే రేకును మడతమీద మడత పెట్టి, పచ్చడిబండతో గాలి లేకుండా గట్టిగా కొట్టి వేస్తే బుడుంగున మునుగుతుంది. అల్యూమినియం నీటికంటే రెండున్నర రెట్లకు పైగా బరువు మరి. బరువు మారలేదు, ఆకారం మారింది. ఇనుప ఓడ ఎందుకు తేలుతుందన్న ప్రశ్నకు జవాబు మన వంటింటి ఫాయిలులోనే ఉంది.

అమ్మమ్మ: ఎనిమిదేళ్ళ పిల్లకు ఘనపు సెంటీమీటర్లు చెబుతారా?

తాతయ్య: చెప్పను. అది నా దగ్గర ఉండాల్సిన లెక్క. పిల్ల దగ్గర బిళ్ళలుంటే చాలు. నిన్న ఏం చేసిందో మీరు పూర్తిగా చూడలేదు. ముందు బిళ్ళలన్నీ తనకు దగ్గరగా ఉన్న మూలలో వేసింది. పది పడ్డాయో లేదో ఆ మూల వంగి, నీళ్ళు లోపలికొచ్చి మునిగింది. నావైపు చూసింది. నేనేమీ అనలేదు. బిళ్ళలు ఏరుకుని, తుడిచి, ఈసారి మధ్యలో ఒకదానిమీద ఒకటి దొంతరగా పేర్చింది. దొంతర ఎత్తయ్యేసరికి పడవ ఊగి పక్కకు ఒరిగింది. మూడోసారి అడుగంతా పరుచుకుంటూ వచ్చింది. ఒక బిళ్ళ ఇటు వేస్తే ఒక బిళ్ళ అటు. పడవ సమంగా దిగుతూ వచ్చింది. నీళ్ళు అంచుకు ఎంత దూరంలో ఉన్నాయో వంగి చూసి, అప్పుడు ఇంకో బిళ్ళ వేసేది. బరువు కిందికి ఉండాలి, నాలుగువైపులా సమంగా ఉండాలి అన్నది కాకినాడ పోర్టులో సరుకు ఎక్కించేవాళ్ళు పాటించే నియమం. దాన్ని ఆ పిల్ల వేళ్ళతో కనుక్కుంది.

అమ్మమ్మ: అది నేను చూడలేదు. బావుంది. మరి మీరే చెప్పండి, అది ఎందుకు జరిగింది? మీరేమీ అనకుండా ఊరుకున్నారు కాబట్టి జరిగింది. మూల మడిచిపెట్టినప్పుడు జరగలేదు. నేను పడవలొద్దనడం లేదు, మీ చెయ్యి వద్దంటున్నాను. ఇంకో మాట. మనమంతా ఇలాంటివి నేర్చుకున్నాం. కానీ ఎవరూ మనల్ని కూర్చోబెట్టి నేర్పలేదు. కార్తీకం వెళ్ళిన మర్నాడు పోలి పాడ్యమి ఉంది కదా. తెల్లవారుజామున అరటి దొప్పల్లో దీపాలు పెట్టి గోదావరిలో వదులుతాం. ముందురోజు సాయంత్రం మా అమ్మ అరటిబోదె నరికించి తెప్పించేది. పైపొరలు ఎండి చిరిగి ఉంటాయి, అవి తీసెయ్యాలి. లోపలి పొరను బోదె వంపు చెడకుండా ఒలవాలి. ఆ వంపే పడవ. మేము పిల్లలం పక్కన కూర్చుని ఒలిచేవాళ్ళం. అడ్డదిడ్డంగా ఒలిస్తే ఆ దొప్ప పక్కన పెట్టేసేది, ఏమీ అనేది కాదు. దీపం నిలబడే దొప్ప ఏదో, ఒరిగిపోయేది ఏదో రేవులో తెలిసేది. అది ఆట కాదు, పని. ముప్ఫై వత్తులు వెలిగించి వదలాలి, నిజంగా తేలాలి. పిల్లలకు కావలసింది అలాంటి పని. వాళ్ళకోసం ప్రత్యేకంగా తయారుచేసిన పని కాదు.

తాతయ్య: చెల్లెమ్మా, మీరు చెప్పిన ఆ దొప్పను అడ్డంగా కోసి చూశారా ఎప్పుడైనా? లోపలంతా చిన్న చిన్న గదులు, గదుల నిండా గాలి. అందుకే అంచు మీదుగా నీళ్ళు లోపలికొచ్చినా అది మునగదు. ఫాయిలు పడవ అలా కాదు, నీళ్ళు నిండితే అడుగుకే. ఈ రెండూ పక్కపక్కన పెడితే పిల్లకు ఎంత తెలుస్తుంది! ఇక మీ అసలు మాట. పెద్దల పని పక్కన కూర్చుని నేర్చుకోవడం అన్నిటికంటే మంచిదే, కాదనను. కానీ ఆ పని ఈ పిల్లల ఇంట్లో ఎక్కడుంది? మూడో అంతస్తు ఫ్లాటు. బోదె నరికే పెరడు లేదు. రేవుకు ఏడాదికి ఒక్కసారి వెళతారు, అదీ దొప్పలు అక్కడే కొనుక్కుని. కొల్లేటి ఊళ్ళలో తాటిమానును తొలిచి దోనె చేస్తుంటే చూస్తూ పెరిగిన పిల్లాడికి నా పాఠం అక్కర్లేదు. కృష్ణలో పుట్టి తిప్పే ఇంటి పిల్లకూ అక్కర్లేదు. వీళ్ళకు ఆ పక్కన కూర్చునే చోటు మనం కల్పించాలి. అది కొంత కల్పితంగానే ఉంటుంది. లేకపోవడం కంటే మేలు కదా.

అమ్మమ్మ: కల్పించండి. అయితే అందులో మీ పని మీకుండాలి. మా అమ్మ మాకోసం దొప్పలు ఒలవలేదు, తన దొప్పలు తాను ఒలుచుకుంది. మీరూ మీ పడవ మీరు చేసుకోండి. పిల్ల పడవ పిల్ల చేసుకుంటుంది. చూసి నేర్చుకోవాలనుకుంటే నేర్చుకుంటుంది. మీది తేలి దానిది మునిగితే మీ పడవ దగ్గరకు వచ్చి చూస్తుంది. అప్పుడు చెప్పండి, అడిగినంతే.

తాతయ్య: ఇది నాకు నచ్చింది. నా పడవ నాకుంటే నా చేతులూ ఖాళీగా ఉండవు. అయితే ఒకటి. అడిగేదాకా ఊరుకోవడం అన్ని చోట్లా పనికిరాదు. కొన్నిటి ఉనికే పిల్లలకు తెలియదు. తెలియనిదాన్ని ఎలా అడుగుతారు? ఒక్కసారి చూపించాలి. కర్పూరం పడవ సంగతి చెబుతాను. పోస్టుకార్డులాంటి అట్టను రెండంగుళాల పడవలా కోసి, వెనక చిన్న గాటు పెట్టి, అందులో హారతి కర్పూరం పలుకు ఇరికించి, శుభ్రమైన నీళ్ళలో పెడితే తనంతట తాను ముందుకు పోతుంది. గాలి లేదు, తెడ్డు లేదు, బ్యాటరీ లేదు. కర్పూరం నీళ్ళలోకి వ్యాపించి వెనకవైపు నీటిపొర బిగువును తగ్గిస్తుంది. ముందువైపు బిగువు అలాగే ఉంటుంది కాబట్టి పడవను అటు లాక్కుంటుంది. ఇది ఏ పిల్లా ఊహించి అడగదు.

అమ్మమ్మ: కర్పూరం అన్నారు కాబట్టి నర్సుగా ఒకటి చెప్పాలి. చిన్నపిల్లలు కర్పూరం మింగితే ఫిట్స్ వస్తాయి. ఒక్క బిళ్ళ కూడా తేలిగ్గా తీసుకోకూడదు. తెల్లగా, పటికబెల్లంలా ఉంటుంది, నాలుగేళ్ళవాడు నోట్లో పెట్టుకోడని ఎలా అనుకుంటాం? ఆ ఆట పిల్లతోనే, వాడు నిద్రలో ఉన్నప్పుడే. డబ్బా మూత మీ చేత్తో పెట్టి పై అరలో పెట్టాలి. పలుకులు కింద పడితే ఏరాలి. చేతులు సబ్బుతో కడగాలి.

తాతయ్య: అలాగే చేద్దాం. మరి ఆ పడవ పోతున్నప్పుడు కొబ్బరినూనె రాసిన వేలు నీళ్ళకు ఆనిస్తే ఏమవుతుందో తెలుసా? ఠక్కున ఆగిపోతుంది. నూనె నీటిమీద కంటికి కనబడనంత పల్చగా పరుచుకుంటుంది, ఇక కర్పూరం ఇంకా తగ్గించేంత బిగువు మిగలదు. 1890లో ఇంగ్లండులో లార్డ్ రేలీ ఈ ఆటనే పట్టుకున్నాడు. కర్పూరం కదలిక ఆగడానికి ఎంత నూనె కావాలో పెద్ద తొట్టెలో కొలిచి, ఆ నూనెపొర మందం లెక్కగట్టాడు. అది మిల్లీమీటరులో లక్షో వంతు కూడా లేదు, అణువుల కొలతకు దగ్గర. తర్వాత నోబెల్ బహుమతి అందుకున్న మనిషి. పిల్లలు ఆడుకునే కర్పూరం ఆయనకు కొలబద్ద అయింది.

అమ్మమ్మ: ఆయనకు ప్రయోగశాల ఉంది.

తాతయ్య: లేనివాళ్ళ సంగతీ ఉంది. అదే కాలంలో జర్మనీలో ఆగ్నెస్ పోకెల్స్ అని ఒకామె. ఆడపిల్లలను అప్పట్లో అక్కడ యూనివర్సిటీలో చేర్చుకునేవాళ్ళు కాదు. ఇంట్లో జబ్బుపడ్డ తల్లిదండ్రులను చూసుకుంటూ వంటిల్లు నడిపేది. జిడ్డు, సబ్బు తగిలినప్పుడు నీటి ఉపరితలం ఎలా మారుతుందో గమనించింది. రేకు తొట్టె ఒకటి, నీటిమీద అడ్డంగా జరిపే రేకు బద్ద ఒకటి, చిన్న తక్కెడ ఒకటి, వీటితోనే ఏళ్ళ తరబడి కొలిచింది. రేలీ పని గురించి విని 1891 జనవరిలో ఆయనకు ఉత్తరం రాసింది. ఆయన దాన్ని చదివి నేచర్ పత్రికకు పంపించాడు. మార్చిలో అచ్చయింది. 1932లో ఆమెకు గౌరవ డాక్టరేటు ఇచ్చారు. ఆ తొట్టె నమూనా మీదే తర్వాతివాళ్ళు తమ పరికరాలు కట్టుకున్నారు.

అమ్మమ్మ: ఈమె సంగతి నాకిప్పుడే తెలిసింది. పిల్లకు తప్పకుండా చెప్పండి. కానీ ఇది నా వైపు సాక్ష్యం అన్నయ్యగారూ. ఆమెకు ఎవరూ పాఠం పెట్టలేదు. తొట్టె ఆమెది, నీళ్ళు ఆమెవి, ప్రశ్న ఆమెది. పక్కన నిలబడి నీటిపొర బిగువు అని ఎవరైనా చెప్పి ఉంటే అన్నేళ్ళు ఆ తొట్టె దగ్గర కూర్చునేదా?

తాతయ్య: తమ్ముడు భౌతికశాస్త్రం చదివేవాడు. తన పుస్తకాలు ఆమెకు తెచ్చి ఇచ్చేవాడు. అది కూడా ఉండాలి. ప్రశ్న పుట్టాక పుస్తకం అందించే చెయ్యి కావాలి. నేను అడిగేది ఆ చోటు మాత్రమే. అరవింద్ గుప్తా అని కాన్పూర్ ఐఐటీలో చదివిన ఇంజనీరు ఉన్నారు. మధ్యప్రదేశ్ హోషంగాబాదులో 1972లో పల్లె బడుల కోసం సైన్సు కార్యక్రమం ఒకటి మొదలైతే, ఉద్యోగం నుంచి సెలవు పెట్టి అక్కడికి వెళ్ళారు. సైకిలు వాల్వు ట్యూబు ముక్కలు, అగ్గిపుల్లలు కలిపి పిల్లల చేత ఆకారాలు కట్టించారు. పారేసే వస్తువులతో బొమ్మలు చేయించడమే జీవితం పనిగా పెట్టుకున్నారు. 2018లో పద్మశ్రీ వచ్చింది. ఆయన పద్ధతిలో పెద్దవాళ్ళు లేకుండా పోరు. వస్తువు తెచ్చి ముందు పెడతారు, ఒకసారి చేసి చూపిస్తారు, ఆ తర్వాత పిల్లల చేతికి ఇచ్చేస్తారు.

అమ్మమ్మ: చేతికి ఇచ్చెయ్యడం అన్నారు చూడండి, అదే నేననేది. సరే, పారేసే వస్తువుల మాట వచ్చింది కాబట్టి మరొకటి. మొన్న వాన వెలిసినప్పుడు పాల ప్యాకెట్ పడవ కాలవలో వదిలారు. పిల్లలు మలుపుదాకా వెంటపడ్డారు, తర్వాత అది కనబడలేదు. ఎక్కడికి పోతుంది? ఏ తూముకో అడ్డం పడుతుంది, లేదంటే గోదాట్లోకి. థర్మోకోల్ అయితే మరీ, పొడిపొడిగా రాలి చేపల నోట్లో పడుతుంది. అలంకరణకు వాడే థర్మోకోలును 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధించారు. మనం ఆ ముక్కలతోనే పడవ చేసి వదిలి, పిల్లలకు ప్రకృతి పాఠం అంటే ఎలా?

తాతయ్య: ఇందులో వాదించడానికేమీ లేదు. పారే నీళ్ళలో వదిలేది ఆకు, దొప్ప, కొబ్బరి చిప్ప, రంగు వెయ్యని కాగితం. అంటే నీళ్ళలోనే చివికి కలిసిపోయేవి. ప్యాకెట్, ఫాయిలు, సీసామూత, ఐస్‌క్రీం పుల్లలకు రబ్బరు బ్యాండు కట్టిన తెడ్డు పడవ, ఇవన్నీ టబ్బులో. ఆట అయ్యాక ఎన్ని వేశామో అన్నీ తీసి ఆరబెట్టాలి. తీసి లెక్కపెట్టడం వాడి పని. నాలుగేళ్ళవాడికి అంకెలూ వస్తాయి.

అమ్మమ్మ: తెడ్డు పడవ అంటే మొన్న అది వెనక్కి పోయింది, అదేనా?

తాతయ్య: అదే. రబ్బరు బ్యాండును ఎటు చుడితే తెడ్డు దానికి ఎదురువైపు తిరుగుతూ విప్పుకుంటుంది. పిల్ల చుట్టిన వైపుకు తెడ్డు నీళ్ళను ముందుకు తోసింది, పడవ వెనక్కి వచ్చింది. పాడైపోయిందనుకుని పక్కన పెట్టింది. కాసేపటికి తనే తీసి ఇంకోవైపు చుట్టి వదిలింది. నీళ్ళను ఎటు తోస్తే పడవ దానికి ఎదురువైపు పోతుందని ఇక దానికి ఎవరూ చెప్పక్కర్లేదు.

అమ్మమ్మ: వాడి సంగతి చూశారా? వాడికి ముందుకా వెనక్కా అన్నది పట్టదు. కొబ్బరి చిప్ప నీళ్ళలో పెట్టి వేలితో తోస్తే గిరగిరా తిరిగింది. పుట్టిలా. పుట్టికి ముందూ వెనకా లేదు కదా, తిన్నగా పొమ్మంటే ఎలా పోతుంది? మీరు దానికి పుల్ల గుచ్చి తెరచాప కడదామన్నారు. వాడు వద్దన్నాడు. వాడికి తిరగడమే కావాలి. మీరు ఆగారు, అందుకు సంతోషించాను.

తాతయ్య: ఆ చిప్పను వాడే ఎంచుకున్నాడు. ముందు కళ్ళున్న చిప్ప తీసుకున్నాడు. మెత్తటి కంటిలోంచి నీళ్ళు ఊరి మునిగింది. దాన్ని పక్కన పడేసి రెండోది తీసుకున్నాడు. ఎందుకు అని నేను అడగలేదు, వాడూ చెప్పలేదు.

అమ్మమ్మ: అదీ మాట. ఇక ఆవిరి పడవ సంగతి తేల్చండి. మీరు కూల్‌డ్రింకు డబ్బా దాచిపెట్టడం చూశాను.

తాతయ్య: మన చిన్నప్పుడు తీర్థాల్లో అమ్మేవాళ్ళే, టపటపమంటూ తిరిగే రేకు పడవ. దానిమీద ఇంగ్లండులో మొదటి పేటెంటు 1891లో తామస్ పియో అనే ఫ్రెంచివాడు తీసుకున్నాడు. అడుగున దీపం, పైన చిన్న రేకు డబ్బా, దాన్నుంచి వెనక్కి నీళ్ళలోకి గొట్టాలు. డబ్బాలో నీళ్ళు ఆవిరవుతాయి, ఆ ఆవిరి గొట్టంలోని నీళ్ళను వెనక్కి చిమ్ముతుంది. ఆవిరి చల్లబడగానే మళ్ళీ నీళ్ళు లోపలికి వస్తాయి. చిమ్మేటప్పుడు నీళ్ళు ఒకే వైపు పోతాయి, పీల్చుకునేటప్పుడు అన్ని వైపులనుంచీ వస్తాయి. అందుకే పడవ ముందుకే పోతుంది. అంత చిన్న బొమ్మలో అంత లోతు ఉంది. పిల్లకు చూపించాలని నా ఆశ.

అమ్మమ్మ: కోసిన రేకు అంచు బ్లేడులా ఉంటుంది. మంట, ఆవిరి, కాలే గొట్టం. ఎనిమిదేళ్ళకు వద్దు. మీరు చేసి, మీరు వెలిగించి, పిల్లను రెండడుగుల దూరంలో కూర్చోబెట్టి చూపించాల్సి వస్తుంది. అంటే మళ్ళీ మొదటికే, అది మీ పడవ. నాలుగేళ్ళు ఆగండి. అప్పుడు రేకు అదే కోసుకుంటుంది, మీరు పక్కన ఉండండి.

తాతయ్య: ఆగుతాను. వయసును బట్టి వస్తువు మార్చడం మాస్టారుగా నాకు తెలిసిందే. వాడికి చిప్ప, ఆకు, సబ్బుపెట్టె. పిల్లకు కాగితం, ఫాయిలు, రబ్బరు బ్యాండు, నేనున్నప్పుడు కర్పూరం.

అమ్మమ్మ: ఇక నీళ్ళు. నేను ఇన్నాళ్ళూ భయపడింది దీనికే. అరబకెట్టు నీళ్ళు చాలు. చిన్నపిల్లలకు తల బరువు, ముందుకు తూలి పడితే లేవలేరు. అరవరు, చప్పుడు చెయ్యరు. ఫోను మోగిందనో పాలు పొంగుతున్నాయనో లేచి వెళ్ళిన ఆ కాసేపట్లోనే అయిపోతుంది. ఆ కాసేపటి తర్వాత మా వార్డుకు తెచ్చినవాళ్ళను చూశాను. అందుకని, పడవల ఆట ఉన్నంతసేపూ ఒక పెద్దమనిషి టబ్బుకు చేతికందే దూరంలో కూర్చోవాలి. లేచేటట్టయితే ఇంకొకరిని కూర్చోబెట్టి లేవాలి. ఆట అయిన వెంటనే టబ్బు ఖాళీ చేసి బోర్లించాలి. ఇందులో బేరం లేదు.

తాతయ్య: బేరమాడను. చెల్లెమ్మా, మీరు చెప్పిన ఈ కూర్చోవడంలోనే నా వాదన కూడా ఉంది చూడండి. కొన్న పడవ ఇచ్చేస్తే పెద్దవాళ్ళు లేచిపోతారు. పిల్లలు ఆడుకుంటున్నారులే అని ఫోను తీస్తారు. పడవ చేయించే ఇంట్లో పెద్దవాళ్ళు పక్కనే ఉండాలి, ఉంటారు. పిల్లలకు మన దగ్గరనుంచి కావలసింది పడవ కంటే ముందు అదే.

అమ్మమ్మ: కాదనను. అయితే ఉండటం అంటే చేసిపెట్టడం కాదని మీరు ఒప్పుకోవాలి. కళ్ళు వాళ్ళమీద ఉండాలి, చేతులు మన ఒళ్ళో ఉండాలి. ప్రాణానికి ప్రమాదం ఉన్నచోట మన చెయ్యి ముందుండాలి. పడవకు మాత్రమే ప్రమాదం ఉన్నచోట మన చెయ్యి అసలు లేవకూడదు. ఈ రెండూ తారుమారు చేస్తున్నాం మనం. నీళ్ళ దగ్గర వదిలేసి వెళ్ళిపోతాం, చిరిగిన మూల దగ్గర మాత్రం చెయ్యి పెడతాం.

తాతయ్య: చెయ్యి పెట్టను, ఒప్పుకున్నాను. ఒక్క ప్రశ్న మాత్రం నాకు వదలండి. పడవ మునిగాక, పిల్ల దాన్ని పైకి తీశాక, ‘ఎక్కడినుంచి వచ్చాయి నీళ్ళు?’ అని అడుగుతాను. ఎందుకు మునిగిందని కాదు, అలా అడిగితే పరీక్షలా ఉంటుంది. ఎక్కడినుంచి అని అడిగితే పడవను తిప్పి చూస్తుంది.

అమ్మమ్మ: ఆ ప్రశ్న కూడా అది తనంతట తాను తిప్పి చూడకపోతేనే. ముందు దానికి సమయం ఇవ్వండి.

తాతయ్య: ఎంత సమయం?

అమ్మమ్మ: మీకు ఓపిక పోయాక ఇంకాస్త. క్లాసులో పీరియడ్ గంట ఉంటుంది, ఇక్కడ లేదు. సాయంత్రందాకా అది అదే చిరుగు పడవను నాలుగుసార్లు ముంచినా ముంచనివ్వండి.

తాతయ్య: నేను ఇంకా ఒక ప్రశ్న అవసరమనే అంటాను. మీరు అక్కర్లేదంటారు. ఇందులో మనకు ఏకాభిప్రాయం రాదు.

అమ్మమ్మ: రానక్కర్లేదు. ఇద్దరం అటొకరు ఇటొకరు కూర్చుందాం. ఫాయిలు చుట్ట ఇలా ఇవ్వండి, నా పడవ నేను చేసుకుంటాను. పిల్లలు లేచే వేళయింది, టబ్బు నింపండి. సగానికి మించొద్దు.